జాన్ స్కాట్ హాల్డేను చరిత్రము

మనుష్యుడు ఒక దినమున 21,600 మారులు ఊపిరి తీసికొనునని మన పెద్దలు లెక్క కట్టిరి. నిమిషమునకు 15 చొప్పున గుణించి చూచినచో ఈ లెక్క సరిపోవును. ఇన్ని మారులు జరుగు పనిని ఒక్క మారైనను తలపునకు తెచ్చుకొనక మనము దినములు గడపుచున్నాము. ఊపిరి ఆడని నాడు గాని దాని విలువ తెలియదు. తన ఆయుర్దాయమంతయు ఈ ఊపిరి మర్మమును శోధించుటకే వినియోగించిన యొక మహాశయుని చరిత్రమును ఈ సంచికయందు మా విద్యార్థులకు చెప్పదలచితిని. విషవాయువును యుద్ధసాధనముగా వాడిన తొలి దినములలో, ఆ గాలి పీల్చి నేలబడిన సైనికులను బ్రతికించుట ఎట్లు, బ్రతికియున్నవారిని కాపాడుట ఎట్లు అని ఇంగ్లండు ప్రభుత్వము కలతపడినప్పుడు, పిలువబడినవాడు ఈయనయే. ఆయన సైనికుడు కాడు. సేనలలో వైద్యుడును కాడు. ఆ సమయమునకు అక్కరకు వచ్చిన జ్ఞానమంతయు ఆయన బీదల ఇండ్లలోను, బొగ్గుగనులలోను సంపాదించుకొనినది.

జాన్ స్కాట్ హాల్డేను 1860వ సంవత్సరము మే నెలలో స్కాట్లండు దేశపు ఎడింబరో నగరమున జన్మించెను. తండ్రి రాబర్టు హాల్డేను న్యాయవాది. మేనమామయగు బర్డన్ సాండర్సను ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున శరీరధర్మశాస్త్రాచార్యుడు. అన్న రిచర్డు న్యాయశాస్త్రము చదివి, రాజకీయములలో ప్రవేశించి, కాలక్రమమున ఇంగ్లండు యుద్ధమంత్రియు, తరువాత న్యాయశాఖకు శిరస్సైన లార్డు ఛాన్సలరును అయ్యెను. ఈ అన్న సంగతి మరల వచ్చును గనుక చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. జాన్ ఎడింబరోలో వైద్యము నేర్చి 1884లో పట్టము పొందెను. నడుమ జర్మనీకి పోయి యేనా విశ్వవిద్యాలయమునందును చదివెను. ఆ కాలమున శాస్త్రమనిన జర్మనీయే యని పేరు. అన్నదమ్ములిరువురకును జర్మను భాషయందును, ఆ దేశపు తత్త్వశాస్త్రమునందును గొప్ప ఆదరము కుదిరెను.

వైద్యుడై రోగులను చూచి ధనము గడించుట ఆయనకు రుచింపలేదు. డండీ నగరపు కళాశాలలో చిన్న ఉద్యోగములో చేరెను. డండీ జనుపనార మిల్లుల పట్టణము. మన నెల్లిమర్ల, చిట్టివలస మిల్లుల పేర్లు వినినవారికి ఆ వాతావరణము కొంత తెలియును. కూలివాండ్ర కుటుంబములు ఒక్కొక్క గదిలో ఆరుగురును ఎనమండుగురును పండుకొని కాలము గడపుచుండిరి. ఆ గదులలో తెల్లవార్లు వారు పీల్చు గాలి ఎట్టిదో తెలిసికొనవలెనని రసాయనశాస్త్రాచార్యుడగు కార్నెల్లీయు, హాల్డేనును సంకల్పించిరి. పగలు పోయిన లాభము లేదు, తలుపులు తెరచియుండును. కావున అర్ధరాత్రము దాటిన పిమ్మట గాజుపాత్రలు చేతబట్టి, ఇండ్ల తలుపులు తట్టి, నిద్రించుచున్నవారి నడుమ నిలిచి గాలిని పట్టి తెచ్చిరి. దానియందలి బొగ్గుపులుసు వాయువును, సూక్ష్మక్రిములను లెక్కించిరి. ఒంటిగది ఇండ్లలో గాలియు చెడ్డది, మరణములును అధికము అని 1887లో ప్రకటించిరి. పాఠశాలల గాలిని కూడ పరీక్షించి, యంత్రసహాయమున గాలి మార్చెడి బడులకును, అట్లు మార్చని బడులకును గల భేదమును చూపిరి. వానకాలమున కిటికీలు మూసికొని కూర్చుండు మన తరగతుల వారు ఈ సంగతి గమనించిన బాగుండును.

తరువాత ఆయన మేనమామ యుండిన ఆక్స్‌ఫర్డు చేరెను. 1891లో కేథ్లీను ట్రాటరు అను కన్యను వివాహమాడెను. ఒక కుమారుడు, ఒక కుమార్తె కలిగిరి.

ఆయనకు పేరు తెచ్చినది బొగ్గుగనుల పని. 1896 జనవరి 27న వేల్సు దేశమున టైలర్సుటౌను గనిలో ప్రేలుడు సంభవించి 57 మంది చనిపోయిరి. ప్రేలుడు మంటవలనను దెబ్బలవలనను వారు మరణించిరని అందరును తలంచిరి. హాల్డేను స్వయముగా గనిలో దిగి, శవములను ఒక్కొక్కదానిని పరీక్షించెను. పెక్కుమంది దేహములపై ప్రాణము తీయగల కాలిన గాయములు లేవు. వారి చర్మము నిద్రించువారి చర్మమువలె ఎర్రగా నుండెను. ఈ ఎరుపు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు చిహ్నమని ఆయన కనిపెట్టెను. మనము పీల్చు ప్రాణవాయువును ఊపిరితిత్తులనుండి శరీరమంతటికి మోయునది రక్తములోని ఎర్రని పదార్థము. ఈ విషము ఆ పదార్థమును ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైగా బలముగా అంటుకొనును. కావున ఊపిరి ఆడుచున్నను లోపల శరీరము ప్రాణవాయువు లేక కృశించును. ఈ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. దీపము సైతము దీనిలో చక్కగా వెలుగుచునే యుండును. ప్రేలుడు అయిన తరువాత తప్పించుకొని నడచిపోవుచున్నవారిని, వారికై లోపలికి దిగిన రక్షకులను గూడ ఇది చంపుచుండెను.

కారణము తెలిసినంత మాత్రమున ఆయన తృప్తి నొందలేదు. ప్రమాదమును ముందుగా తెలుపు సాధనము వలెను. చిట్టెలుకవంటి చిన్న జంతువులు మనకంటె మిక్కిలి వేగముగా ఊపిరి తీసికొనును. కాబట్టి విషము వాటిని ముందుగా సోకును. చిట్టెలుకనో, పిట్టనో పంజరములో పెట్టుకొని దిగినచో, అది సోలినంతనే మనుష్యుడు వెనుకకు మరలుటకు వ్యవధి యుండును. కేనరీ పిట్ట గనులలో ప్రవేశించుటకు ఇదియే మూలము. బ్రిటను గనులలో ఈ పిట్టలు 1986 వరకు కొలువు చేసెను. ఆ యేట వాటికి బదులు యంత్రములు పెట్టుటకు నిర్ణయించిరి. సింగరేణి గనులలో పనిచేయువారి పిల్లలు కొందరైనను ఈ పంక్తులు చదువుదురని తలంచుచున్నాను.

చిట్టెలుకకంటె మనుష్యునికి ఎంత ఆలస్యముగా విషము సోకునో తెలియవలెను గదా. అందుకై ఆయన మరియొకరిని బలిపెట్టలేదు. తన ప్రయోగశాలలో కూర్చుండి తానే ఆ విషవాయువును పీల్చుచు, నిమిష నిమిషమునకు తన స్థితిని వ్రాసికొనుచు, మధ్యమధ్య తన రక్తపు బిందువులను పరీక్షించుకొనెను. రక్తములో సగమునకు పైగా విషముతో నిండువరకు మానలేదు. చూపు మందగించెను, కాళ్లు స్వాధీనము తప్పెను. ఇట్టి సాహసము విద్యార్థులకు అనుకరణీయమని నేను చెప్పను. మా రసాయనశాలలో ఎవరైన దీనిని ఆరంభించిన యెడల బెత్తము తప్పదు. కాని పరుల శరీరములను గూర్చి తీర్పు చెప్పుటకు ముందు తన శరీరమును సాక్షిగా నిలిపిన ఆ న్యాయము మాత్రము మెచ్చదగినది. ఈ ప్రయోగములలోనే మరియొక సంగతి తేలెను. విషము సోకినవానికి స్వచ్ఛమైన ప్రాణవాయువు ధారాళముగా ఇచ్చినచో విషము త్వరగా విడిచిపోవును. ఇరువది సంవత్సరముల తరువాత ఈ ప్రాణవాయువు ఆలోచనయే యుద్ధభూమిలో మరల తలయెత్తెను.

నడుమ చేసిన పనులను శీఘ్రముగా చెప్పెదను. కారన్‌వాల్ ప్రాంతపు తగరపు గనులలో కూలివాండ్రను పట్టిన రక్తహీనతకు కొంకిపురుగులు కారణమని చూపెను. 1905లో ప్రీస్ట్‌లీ అను మిత్రునితో గూడి, మన ఊపిరిని హెచ్చించి తగ్గించునది రక్తమునందలి బొగ్గుపులుసు వాయువేయని స్థాపించెను. సముద్రగర్భమున మునుగువారు పైకి వచ్చునప్పుడు కీళ్లనొప్పులతోను పక్షవాతముతోను బాధపడుచుండగా, మేకలపై ప్రయోగములు చేసి, ఎంత లోతునుండి ఎన్ని మజిలీలుగా, ఎంతెంత సేపు ఆగుచు రావలెనో 1908లో పట్టికలు కట్టి యిచ్చెను. 1911లో అమెరికా దేశపు పైక్సు శిఖరముపై వారములకొలది నివసించి పలుచని గాలిలో శరీరము ఎట్లు సర్దుకొనునో చూచెను. ఒక్కొక్కటియు వేరు గ్రంథమునకు తగిన విషయమే గాని మన దారి వేరు.

1915వ సంవత్సరము ఏప్రిలు 22వ తేది సాయంకాలము 5 గంటల వేళ, బెల్జియము దేశమున ఈప్రే పట్టణమునకు ఉత్తరముగా, జర్మను కందకములనుండి ఆకుపచ్చ కలిసిన పసుపుపచ్చని మబ్బు యొకటి నేలనంటుకొని కదలివచ్చెను. అది క్లోరిను వాయువు. 5,700లకు పైగా ఉక్కు గొట్టములలో నింపిన 150 టన్నులకు మించిన విషమును గాలివాలు చూచి విడిచిపెట్టిరి. క్లోరిను గాలికంటె రెండున్నర రెట్లు బరువైనది. అందుచేత ప్రాణము దాచుకొనుటకు మనుష్యులు త్రవ్వుకొనిన గోతులలోనికే అది దిగును. ఫ్రెంచి సైనికులును, వారి పక్షమున పోరాడు అల్జీరియా వారును ఊపిరాడక పడిపోయిరి, లేక పరుగెత్తిరి. ఈ కార్యమును నడిపిన పండితుడు ఫ్రిట్జ్ హేబరు. గాలినుండి అమ్మోనియా చేయు మార్గమును కనుగొనినవాడు ఈయనయే. నేడు మన పొలములలో చల్లు యూరియాకు అదియే మూలము. ఒకే చేయి అన్నము పెట్టి విషమును పెట్టినదని నాకు తోచును.

రెండు దినములకు కెనడా సైనికులపై రెండవ మబ్బు వచ్చెను. ఏప్రిలు 26న హిందూదేశపు లాహోరు దళము అదే ప్రాంతమున ఎదురుదాడి చేసి వాయువునకు గురియయ్యెను. ఆ దినమున విషవాయువు తనకు సోకినను లెక్కచేయక, గాయపడినవారిని మోసి తెచ్చిన జమాదారు మీర్ దస్తునకు విక్టోరియా క్రాసు లభించెను.

యుద్ధమంత్రి కిచెనరు హాల్డేనును పిలిపించెను. అప్పటికి ఆయనకు ఏబదియైదవ యేడు నిండవచ్చెను. రసాయనశాస్త్రజ్ఞుడగు బేకరుతో గూడ ఆయన వెంటనే సముద్రము దాటి ఫ్రాన్సునకు పోయెను. బెయిలూలు పట్టణపు ఆసుపత్రిలో కెనడా సైనికులు మంచములపై కూర్చుండి, ముఖములు నీలవర్ణములై, గాలికై పెనగులాడుచుండిరి. మరణించిన యొకని ఊపిరితిత్తులను విప్పి చూచినప్పుడు అవి వాచి, నీరు నిండియుండెను. నేలమీద నున్నను మనుష్యుడు తనలో ఊరిన నీటిలోనే మునిగి చచ్చుచున్నాడన్న మాట. సైనికుల వాఙ్మూలమును, ఈ చిహ్నములను కలిపి, ఇది క్లోరినుగాని, దాని జాతిదైన బ్రోమినుగాని అయియుండవలెనని ఏప్రిలు 27న నివేదిక వ్రాసెను. రెండు దినములలో అది పత్రికలలో ప్రకటింపబడెను.

ఇంతలో ఒక అనర్థము జరిగెను. గుడ్డలో చుట్టిన దూదితో ముఖమునకు కట్టుకొను మెత్తలు కుట్టి పంపుడని ఒక గొప్ప దినపత్రిక ఏప్రిలు 28న స్త్రీలను కోరెను. తల్లులు, చెల్లెండ్రు, భార్యలు రాత్రింబవళ్లు కుట్టిరి. వేలకొలది మెత్తలు ఒక్క దినములో పోగయ్యెను. వారి ప్రేమకు వంకలేదు. కాని పొడి దూది క్లోరినును ఆపజాలదు. తడిసిన దూదిగుండ గాలి పోనేపోదు. దానిని కట్టుకొనినవాడు విషముచేతనైనను చావవలెను, లేక మెత్తచేతనైనను చావవలెను. ఇది హాల్డేను కల్పించిన సాధనము కాదు. ఆ మెత్తలను తరువాత తొలగించిరి గాని, మంచి మనస్సుతోనే తొందరపడి చేసిన పని ఎందరి ఊపిరి తీసెనో దానికి లెక్క లేదు.

హాల్డేను ఆక్స్‌ఫర్డునకు మరలి వచ్చి తన యింటనే పని ప్రారంభించెను. చెర్వెలు నదియొడ్డున నున్న ఆ గృహమునకు చెర్వెలనియే పేరు. ఇప్పుడు ఆ స్థలమున వుల్ఫ్‌సను కళాశాల కలదు. ఒక గదిలో క్లోరిను నింపి, తాను లోపల ప్రవేశించి, ఏయే వస్త్రము ఏయే ద్రవములో ముంచిన విషమును ఆపునో పరీక్షించెను. కుమార్తె నయోమియు, ఆ యింట నివసించుచుండిన యువకుడు, పిమ్మట ప్రసిద్ధ రచయితయైన ఆల్డస్ హక్స్‌లీయు తోడ్పడిరి. చేతికి చిక్కిన మేజోళ్లు, ఉన్నిబట్టలు అన్నియు కత్తెర పాలయ్యెను. ఛాయాచిత్రములు తీయువారు వాడు హైపోను, బట్టల సోడాను కలిపిన నీటిలో ముంచినచో దూది క్లోరినును విరిచివేయునని తేలెను. గ్లిసరిను కలిపిన యెడల అది త్వరగా ఎండిపోదు. తడి దూదిముద్ద గాలిని అడ్డగించును గనుక, గాలి దూరగల దూదిపోగులను నల్లని మేలిముసుగు గుడ్డలో చుట్టి, నోటికి ముక్కునకు కట్టుకొనునట్లు మలచిరి. మే నెలలోనే ఈ నల్ల ముసుగులు కందకములకు చేరెను. ఎట్టి ఇంటనైనను దొరకు సామగ్రితో అయిన పని ఇది.

పరీక్షలు ఫ్రాన్సులోని సెయింటు ఓమరు పట్టణముననును జరిగెను. దానికై హాల్డేను, సేనలో అధికారియై కందకములలో నున్న తన కుమారుని పిలిపించుకొనెను. కుమారుని పేరు జాన్ బర్డన్ సాండర్సన్ హాల్డేను, వయస్సు 22. అద్దములు బిగించిన చిన్న గదిలో క్లోరినును వదలి, కుమారుడును డగ్లసు అను శాస్త్రజ్ఞుడును మరికొందరును వంతులవారీగా ముసుగుతో నొకసారి, ముసుగు లేక యొకసారి లోపల ప్రవేశించి, ఒక చక్రమును త్రిప్పుచు, ఎంత సేపు తాళగలరో చూచుకొనిరి. శ్రమపడుచున్నప్పుడు ఊపిరి హెచ్చును, విషమును హెచ్చుగా లోపలికి పోవును. సైనికుడు ఊరక కూర్చుండడు గదా! గనులలో నేర్చిన పాఠమే ఇచ్చటను. కుమారుడు ఆ పని ముగించి, ఊపిరి తిన్నగా ఆడకున్నను తన దళమును చేరి, మే నెలలోనే గాయపడెను. పరాయివాండ్ర బిడ్డలను ఆ గదిలోనికి పంపుటకు ముందు తన బిడ్డను పంపిన తండ్రి మనస్సు ఎట్టిదో ఊహించుకొనవలసినదే.

ఇట్టివానికి దేశము చేసిన సత్కారము విచిత్రమైనది. అన్నయగు రిచర్డు యుద్ధమంత్రిగా నుండి సేనలను సంస్కరించినవాడు. 1914లో ఫ్రాన్సునకు పోయిన సైన్యము ఆయన కట్టిన కట్టడమే. అయినను పూర్వము జర్మను విద్యను మెచ్చుకొనినాడని పత్రికలు ఆయనను ద్రోహిగా చిత్రించెను. 1915 మే నెలలో క్రొత్త మంత్రివర్గము ఏర్పడినప్పుడు ఆయనను విడిచిపెట్టిరి. ఆ నీడ తమ్మునిపైనను పడెను. యేనాలో చదివిన హాల్డేను విషవాయు రక్షణ కార్యములలో క్రమముగా ప్రక్కకు నెట్టబడెను. తరువాత వచ్చిన పెట్టె ముసుగును, అనగా బొగ్గును రసాయనములను నింపిన డబ్బానుండి గొట్టముద్వారా ఊపిరి తీసికొను సాధనమును, హారిసను మొదలగు ఇతరులు నిర్మించిరి. 1916లో సైనికులందరకు అందిన ఆ సాధనము నల్ల ముసుగుకంటె ఎంతయో మేలైనది. హాల్డేను వీధి కెక్కి మొరపెట్టుకొనలేదు. ముసుగులు ఇతరులు చేయుచున్నారు గనుక, ముసుగు కట్టుకొనుట ఆలస్యమై విషము సోకినవారి సంగతి చూడవలెనని ఆయన ఆ పనికి తిరిగెను.

మబ్బు దాటిపోయినంత మాత్రమున అపాయము తీరదు. క్లోరిను కందకముల అడుగునను, నేలమాళిగలలోను నిలిచియుండును. ద్రాక్షతోటలలో మందు చల్లుటకు ఫ్రెంచి రైతులు వీపున మోసికొను వెర్మొరెలు పిచికారీలలో హైపో సోడా నీరు నింపి కందకములలో చల్లిరి. నేలమాళిగలలో మంటలు వేసి, వేడిగాలి పైకి పోవుచుండగా క్రొత్త గాలి లోపలికి వచ్చునట్లు చేసిరి. హెర్తా ఎయిర్టను అను విదుషి కల్పించిన విసనకఱ్ఱలను లక్షకు పైగా పంచిరి. క్లోరిను ఇనుమును తినివేయును గనుక తుపాకులను వెంటనే తుడిచి నూనె పూయవలెను. ఇవన్నియు అయిన పిమ్మట గాని ఆ స్థలము మరల మనుష్యులు నిలువదగినది కాదు.

స్థలము శుద్ధియగుట ఒక యెత్తు, మనుష్యుడు శుద్ధియగుట ఒక యెత్తు. 1915 డిసెంబరు 19న జర్మనులు క్లోరినుతో ఫాస్జీను అను మరింత క్రూరమైన వాయువును కలిపి విడిచిరి. దీనిని పీల్చినవాడు మొదట కొంత దగ్గి, బాగుగనే యున్నానని లేచి నడచును. కొన్ని గంటల తరువాత ఊపిరితిత్తులు నీటితో నిండి కూలిపోవును. ఇట్టివారిని నడిపింపక, కదలింపక, పండుకొనబెట్టవలెనని వైద్యులు అనుభవముచేత నేర్చికొనిరి. ప్రాణవాయువు నిచ్చుట అప్పటికి లేకపోలేదు. కాని గొట్టమునకు గరాటు తగిలించి రోగి ముక్కుముందు కొంతసేపు పట్టుకొని తీసివేయుచుండిరి. అందులో అధికభాగము గాలిలో కలిసిపోవుచుండెను. హాల్డేను వాదమిది. ఊపిరితిత్తులు వాచినవానికి శరీరమంతయు ప్రాణవాయువు లేక అలమటించుచున్నది. ఆ కొరతవలన గుండె క్షీణించును, గుండె క్షీణించుటవలన కొరత పెరుగును. ఈ విషచక్రమును త్రెంచవలెనన్న ప్రాణవాయువును విడువక, గంటలకొలది, దినములకొలది ఇయ్యవలెను. అది వ్యాధిని మాన్పదు. ఊపిరితిత్తులు తమంతట తాము మానుకొనువరకు మనుష్యుని నిలుపును. దీనికై ముఖమునకు సరిపోవు ముసుగు, ఒక రబ్బరు సంచి, ఉక్కు గొట్టమునుండి కొలత ప్రకారము వాయువును విడుచు మర కల యంత్రమును తయారుచేసి, 1917లో వైద్యపత్రికయందు వివరించెను. అది సేనల వైద్యశాలలకు చేరి, నీలపు ముఖములకు మరల రంగు తెచ్చెను. 2021లో కోవిడు వ్యాధి ప్రబలినప్పుడు ప్రాణవాయువు గొట్టములకై మన పట్టణములలో జనులు పడిన పాట్లు మన విద్యార్థులు మరచియుండరు. నాడు ఆసుపత్రులలో రోగుల ముఖములకు కట్టిన ముసుగునకును, సంచికిని, కొలతమరకును ఇది పూర్వరూపము.

1917 జులై 12 రాత్రి ఈప్రే వద్దనే ఆవాలవాయువు అనబడు మస్టర్డు గ్యాసు మొదటిసారి ప్రయోగింపబడెను. ఇది గ్యాసు అని పేరేగాని నూనెవంటి ద్రవము. నేలను, బట్టలను, తోలును అంటుకొని దినములకొలది విడువదు. సోకిన కొన్ని గంటల వరకు తెలియదు. పిమ్మట కన్నులు మూతపడి, ఒడలు బొబ్బలెక్కును. మూడు వారములలో 14 వేలకు పైగా బ్రిటిషు సైనికులు దీని పాలబడిరి. వారి బట్టలను ముట్టిన పరిచారకులకు కూడ బొబ్బలు లేచెను. దీనికి ముసుగు చాలదు, ప్రాణవాయువు చాలదు. సైనికుని బట్టలు విప్పించి, సబ్బుతో స్నానము చేయించి, నేలపై బ్లీచింగు పౌడరు చల్లవలసివచ్చెను. కలరా దినములలో మన యూరి బావులలో కలుపు పొడియే ఇది. సున్నమునకు క్లోరినును పట్టించిన ఇది తయారగును. 1915లో ప్రాణములు తీసిన క్లోరినే 1917లో నేలను శుద్ధిచేయు మందయ్యెను. ఈ పని హాల్డేనుది కాదు. కాని ఆయన యంత్రము అవసరమైన ఊపిరితిత్తులు ఆ వాయువువలనను తక్కువగా పాడుకాలేదు.

1916లో రాయల్ సొసైటీవారు ఆయనకు రాయల్ పతకము నిచ్చిరి. యుద్ధానంతరము మరల గనులకే మరలెను. గనుల పరిశోధనాలయమునకు అధ్యక్షుడై, అది 1921లో బర్మింగుహామునకు మారినప్పుడు దానితో గూడ సంబంధము కొనసాగించెను. 1922లో శ్వాసక్రియను గూర్చిన తన మహాగ్రంథమును వెలువరించెను. 1925 జూను 17న జెనీవాలో పలు దేశములు విషవాయువులను యుద్ధములలో వాడమని ఒడంబడిక చేసికొనిరి. దానివలన ఆ వాయువులు లోకమునుండి పోలేదు. మన విశాఖపట్టణముననే 2020 మే 7వ తేది తెల్లవారుజామున, యుద్ధమేమియు లేకయే, కర్మాగారమునుండి వెలువడిన స్టైరీను ఆవిరి నిద్రించుచున్న పల్లెవాసుల ప్రాణములు తీసినది గదా.

1934లో ఆయనకు కాప్లీ పతకము లభించెను. 75 ఏండ్లు నిండిన తరువాత సయితము, నూనెకర్మాగారములలో వడదెబ్బచేత బాధపడు కూలివాండ్ర స్థితిని చూచుటకు పారసీక, ఇరాకు దేశములకు ప్రయాణమై పోయెను. మరలి వచ్చిన కొలదికాలమునకే, 1936 మార్చి మధ్యభాగమున ఆక్స్‌ఫర్డునందలి తన గృహమున మరణించెను.

సెయింటు ఓమరు అద్దపు గదిలో ప్రవేశించిన ఆ కుమారుడు తండ్రిని మించిన కీర్తి పొంది, వంశానుక్రమ శాస్త్రమున లోకప్రసిద్ధుడయ్యెను. 1957లో ఆయన హిందూదేశమునకు వచ్చి కలకత్తాలోను, తరువాత భువనేశ్వరములోను పరిశోధనలు సాగించి, 1961లో ఈ దేశపు పౌరుడయ్యెను. 1964 డిసెంబరు 1న భువనేశ్వరమున కన్నుమూసెను. తన దేహమును వైద్యవిద్యార్థులకు ఉపయోగింపవలెనని ఆయన ముందే వ్రాసియుంచెను. ఆ ప్రకారము దానిని మన కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు తెచ్చి అప్పగించిరి.